పదమూడో వరుస

తెర మీద నా అట్ట వేశారు. మనిషెత్తున వేశారు. అసలుది అరచేతి కన్నా కాస్త పెద్దది, పైలట్ తొడకు పట్టీతో కట్టుకునేది, తల వంచి ఒక్క చూపులో చదువుకునేటంతే ఉండాలని పైవాళ్ళ షరతు. యాభై ఏళ్ళ తరవాత రెండు వందల మంది ఇనప కుర్చీల్లో కూర్చుని దాన్ని ఇలా తల ఎత్తి చదువుతారని నేను ఎన్నడూ అనుకోలేదు. పన్నెండు వరుసలు. ఎడమ పక్క మన విమానం కందిరీగ, కుడి పక్క ఎదుటివాళ్ళ విమానం మొండితోక, మధ్యలో ఏది ఎందులో మెరుగో చూపే బాణం గుర్తు. నేరుగా పరుగు, మనది. మలుపు, వాళ్ళది. కిందికి దూకడం, సమానం. ఏడో వరుస, పైకి ఎక్కడం, మనది, సెకనుకు రెండున్నర మీటర్లు ఎక్కువ. దాని పక్కన నేను చెప్పి కొట్టించిన వాక్యం: వాడు వెనక పడితే తిరగవద్దు, పైకి వెళ్ళు, వాడు రాలేడు. ఆ టైపు మిషన్లో చివరక్షరం ఎప్పుడూ కాస్త కిందికి జారి పడేది, ఇప్పుడూ అలాగే జారి ఉంది. ఆ అక్షరం పక్కన ఖాళీలో సిరాతో, వాలుగా, మూడో మనిషి చూడడనుకుని రాసుకున్న రెండు మాటలు: "బావ కొలిచాడు." సభ నడుపుతున్న చరిత్ర లెక్చరరు వాటి మీదికి ఎర్ర చుక్క దీపం పట్టి, "ఈ బావ ఎవరో మనకు తెలియదు, కానీ ఆ పైలట్‌కు ఆయన మీద గురి బాగానే ఉన్నట్టుంది" అన్నాడు. జనం నవ్వారు. నా పక్క కుర్చీలో మా చెల్లెలు కూడా నవ్వి, మోచేత్తో నన్ను పొడిచింది, చెప్పెయ్యనా అన్నట్టు. నేను తల అడ్డంగా ఊపాను. నా వినయం అనుకుంది.

ఆ అట్ట ఇచ్చింది తనే. మా బావ, అంటే చెల్లెలి భర్త, పొద్దున్నే గడ్డం గీసుకుంటూ బట్టీ పట్టడానికి దాన్ని అద్దం అంచున గుచ్చుకునేవాడు. తొడకు కట్టుకుపోయింది వేరొకటి, అది ఆయనతోనే పోయింది. పాత విమానాల ప్రదర్శనశాల వాళ్ళు వస్తువులుంటే ఇవ్వమని ఉత్తరం రాస్తే చెల్లెలు బట్టల పెట్టె అడుగు నుంచి దీన్ని తీసి పంపింది. నాతో ఒక్క మాట అనలేదు. అనుంటే నేనేం చేసేవాణ్ణో నాకు తెలుసు, అందుకే దేవుడు అననివ్వలేదేమో. ఎదుటిపక్షం పైలట్ ఒకాయన కూడా వస్తున్నాడని తెలిసి, "మనిషిని చూడాలి అన్నయ్యా. వాళ్ళు ఎలా ఉంటారో ఒక్కసారి చూడాలి" అంది. ఎలా ఉంటాడు, చెవిలో మిషను, చొక్కా గుండీలు మెడ దాకా, చేతి మీద సూదులు గుచ్చిన మచ్చలు, ఎవరి తాతయ్య అయినా ఇలాగే ఉంటాడు. ఈ గంట ముగిసేలోపు చెల్లెలితో చెప్పేస్తానని పొద్దున దేవుడి ముందు మాట ఇచ్చి వచ్చాను. పదిన్నరకు మొదలైంది, పదకొండున్నరకు టీ. గోడ గడియారం పదకొండు కావస్తోంది. రోజూ నేను ఆ దేవుడి ముందు చేతులు జోడించి తెలిసీ తెలియక చేసిన తప్పులు మన్నించు స్వామీ అంటాను. యాభై ఏళ్ళుగా అదే మాట. ఆ రెండింటినీ ఒక్క ఊపిరిలో కలిపి అనేస్తే ఏది తెలిసి చేసిందో ఏది తెలియక చేసిందో విడదీసి చెప్పాల్సిన పని తప్పుతుంది. ఆయన ఏనాడూ ఆగు, ఒక్కొక్కటిగా చెప్పు అని అడగలేదు. అడగకపోవడం దయా, లేక నేనే చెప్తానని ఎదురుచూస్తున్నాడా, అది నాకు ఇప్పటికీ అంతు పట్టదు.

తెలియక చేసింది ఇది. యుద్ధంలో ఒక మొండితోక నూనె కారి మన పొలాల్లో పొట్ట మీద దిగింది, రెక్క కొస తప్ప చెక్కు చెదరలేదు. దాన్ని తెచ్చి మా షెడ్డులో పెట్టారు. శత్రువు విమానమే, కాదనను, కానీ ఇంజన్ మూత తీసిన మొదటి రోజు నేను చేతులు కడుక్కుని మరీ ముట్టుకున్నాను. అంత శుభ్రమైన పని. ఏ గొట్టమూ ఇంకో గొట్టానికి రాసుకోకుండా, ఏ మర వెనక చెయ్యి పట్టదో అక్కడ వాళ్ళు ముందే సందు వదిలారు. దాన్ని కట్టినవాడెవడో, వాడికి నాలాంటి మెకానిక్ మీద ప్రేమ ఉంది. రెక్క బాగు చేసి, మన రంగు వేసి, మన కందిరీగ పక్కన ఎగరేసి కొలవమన్నారు. మా అధికారి చెప్పిన మొదటి మాట, "ఇది ఒక్కటే ఉంది. పాడైతే నువ్వే సమాధానం చెప్పాలి. పెద్దలు చూడ్డానికి వచ్చేదాకా ఇది బతికుండాలి." ఇంజన్ జోరు పెంచే పిడి ముందుకు తోస్తే చివర్లో ఒక చోట ఆగిపోతుంది, అక్కడ అడ్డంగా సన్నటి రాగి తీగ కట్టి ఉంది. కొలతలు తీసే పైలట్ దాన్ని వేలితో మీటి చూసి, "ఇదేంటోయ్? తెంచి చూడనా?" అన్నాడు. నేను కంగారుపడి, "వద్దు సార్, ఆ తీగ హద్దు. అది దాటితే ఇంజన్ పగిలిపోవచ్చు, విడిభాగం ఒక్కటీ లేదు" అన్నాను. అంతటితో ఊరుకోక, ఆయన చెయ్యి తుంటరిదని తెలుసు కాబట్టి, దాని మీద ఇంకో తీగ నా చేత్తో నేను కట్టి, సీలుగా సీసం బిళ్ళ నొక్కాను. పదకొండు సార్లు ఎగిరింది. పదకొండు సార్లూ సీసం బిళ్ళ చెక్కుచెదరలేదు. అది చూసి మా అధికారి నా భుజం తట్టాడు. కొలతల పుస్తకంలో ప్రతి పుటా అడుగున నేను నిజాయితీగా రాశాను, "తీగ తెంచలేదు" అని. అట్ట టైపు చేసే రోజు టైపిస్టు పన్నెండు వరుసలు కొట్టి, "ఈ తీగ ముక్క ఎక్కడ వెయ్యను? చోటు లేదండీ. పదమూడో వరుస పెడితే అక్షరాలు చిన్నవైపోతాయి, ఆకాశంలో వాళ్ళకు కనబడదు" అంది. నేను అట్ట వెలుతురుకు పట్టి చూశాను. పన్నెండు వరుసలతో ఎంత పొందికగా ఉందో. "వదిలెయ్యమ్మా" అన్నాను. తలుపు దగ్గరగా వెయ్యమన్నంత తేలిగ్గా అన్నాను.

వేదిక మీద ఇద్దరు ముసలివాళ్ళూ నవ్వుకుంటున్నారు. మన పక్షం నుంచి పొడుగాయన, రెండు పోరాటాల్లో బతికి బయటపడినవాడు, మోకాళ్ళ నొప్పుల వల్ల ఒక కాలు చాచుకుని కూర్చున్నాడు. "మేం ముగ్గురేసి ఎగిరేవాళ్ళం. వరస చెడకూడదని ఒకడి రెక్క ఒకడు చూసుకోవడమే సరిపోయేది, ఇక శత్రువుని ఎవడు చూస్తాడు?" అంటున్నాడు. దుబాసీ అమ్మాయి అది చెప్పగానే ఎదుటాయన పొట్ట పట్టుకుని నవ్వి, తాము ఇద్దరిద్దరుగా వచ్చేవాళ్ళమనీ, ఒకడు కొడితే ఒకడు కాపలా అనీ, "మీరు పెళ్ళి ఊరేగింపులా వచ్చేవారు" అనీ అన్నాడు. మళ్ళీ నవ్వులు. మీ పైలట్లకు మూడు వందల గంటల శిక్షణ, మాకు తొంభై. మీకు ముప్పై పోరాటాలైతే సెలవు, మాకు చచ్చేదాకా డ్యూటీ. మీ తుపాకులు పెద్దవి, మావి ఎక్కువ, అని ఒకరికొకరు. సంతలో పశువుల్ని బేరమాడినట్టు పళ్ళు చూసి, గిట్టలు చూసి, ఎంత మర్యాదగా మాట్లాడుకుంటున్నారో. తప్పు పట్టడం లేదు. బతికినవాళ్ళకు ఆ హక్కుంది. పోల్చుకోవడానికి ఇద్దరు మిగలాలి కదా. నేను ఆ రోజుల్లో పొద్దున్నే మా బావ క్షేమంగా రావాలని దండం పెట్టుకునేవాణ్ణి. ఈ ఎదుటాయన తల్లి కూడా అదే వేళకు, ఏ దేవుడికో, పెట్టుకునే ఉంటుంది. ఆ రెండు దండాల్లో ఏది బరువో తూచాల్సిన పని ఎంత కష్టమైందో పాపం. దేవుడికి అట్టలుండవు, బాణం గుర్తులుండవు. ఇంతలో ఎదుటాయన చేతులు రెండూ పైకెత్తాడు. కుడి చెయ్యి ముందు, ఎడమ చెయ్యి వెనక, వేళ్ళు దగ్గరగా మూసి, అరచేతులు కిందికి. చెల్లెలి ఊపిరి ఆగడం నాకు వినబడింది.

ఆ రోజుల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం. మా బావ చేతుల్లో రెండు చెంచాలు, కుడి చెంచా కందిరీగ, ఎడమ చెంచా మొండితోక. చెల్లెలు ఆరు నెలల కడుపుతో గోడకు ఆనుకుని కూర్చుని, "చెంచాలతో తినడం నేర్చుకోండి ముందు, పోరాటం తరవాత" అంటోంది. నేను అప్పుడే అట్ట జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాను, టైపు మిషన్లోంచి వచ్చిన మొదటిది, ఇంకా సిరా వాసన. మా ఇద్దరిదీ ఒకటే పిలుపు, ఆయన నన్ను బావా అంటాడు, నేను ఆయన్ని బావా అంటాను, చెల్లెలు ఏ బావో తెలియక ఇద్దరికీ కలిపి జవాబు చెప్పేది. ఆయన ఏడో వరుస రెండుసార్లు చదివాడు. నవ్వు ఆపేశాడు. "బావా, అట్ట సంగతి వదిలెయ్. నువ్వు చెప్పు. వాడు నిజంగా పైకి రాలేడా?" అన్నాడు. నేను గ్లాసు కింద పెట్టి, "రాలేడు బావా. నేను కొలిచాను" అన్నాను. అంతే. కుడి చెంచా గాల్లోకి లేచింది, ఎడమ చెంచా కింద ఉండిపోయింది. "ఇంతేనా! ఇది ముందే చెప్పుంటే జుట్టు ఊడకుండా ఉండేది కదయ్యా" అని, అక్కడికక్కడే నా జేబులోంచి పెన్ను లాక్కుని అట్ట మీద ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో నేను చూడలేదు. ఈవేళే చూశాను, మనిషెత్తున.

ఆ ఆదివారానికి పదకొండో రోజున బావ పోయాడు. మేఘాలు లేని రోజు, కింద నుంచి చాలామంది చూశారు. వెనక మొండితోక పడగానే తిరగలేదు, ముక్కు ఎత్తి నేరుగా పైకి వెళ్ళాడు, నేను చెప్పినట్టే, ఏడో వరుసలో ఉన్నట్టే. వాడు కింద ఉండిపోలేదు. విచారణ జరిపిన ముగ్గురు అధికారుల ముందూ ఆ అట్ట ఉంది. అట్ట తప్పు కాదు కాబట్టి తప్పు ఇంకెక్కడో ఉండాలి. తగినంత వేగం అందుకోక ముందే తొందరపడి ముక్కు ఎత్తాడని తేల్చారు. కాగితం మీద ఆ మాట, "తొందరపాటు". ఆ ఒక్క మాట ఇంటికి వచ్చింది, వచ్చి మా చెల్లెలి పక్కన కూర్చుంది. మొదట్లో ఏడుస్తూ అనేది, తరవాత కోపంగా, చివరికి అలవాటుగా. "తొందర మనిషి. అన్నిటికీ తొందరే. నన్ను చూసిన వారానికే పెళ్ళన్నాడు." మేనకోడలు పుట్టింది. అది పాకడం మొదలెట్టిన నాటి నుంచీ, మీ నాన్నలా తొందరపడకు, మెల్లిగా తిను, మెల్లిగా నడువు, మీ నాన్నలా కాదు. ఆ పిల్ల బడిలో పరుగు పందెంలో గీత దగ్గర నిలబడి, ఈల వేసినా కదలకుండా, మిగతావాళ్ళు సగం దూరం వెళ్ళాక బయలుదేరింది. నేను అక్కడే ఉన్నాను. రోడ్డు దాటాలంటే వీధి పూర్తిగా ఖాళీ కావాలి. మంచి ఉద్యోగం ఇస్తామంటే ఆలోచించి చెప్తానని నెల రోజులు ఆలోచించింది, వాళ్ళు ఇంకొకరికి ఇచ్చేశారు. ఇప్పుడు దానికి యాభై ఏళ్ళు. ఏ మాటైనా అనే ముందు కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆగుతుంది. చూసినవాళ్ళు ఎంత నెమ్మదస్తురాలో అంటారు. నేను చూసినప్పుడల్లా ఆ మూసిన రెప్పల మీద నా సీసం బిళ్ళ కనబడుతుంది.

తెలిసి చేసింది ఇక్కడి నుంచి. బావ పోయిన మూడు వారాలకు రెండో మొండితోక దొరికింది, పైలట్ ప్రాణాలతో సహా. నేను ముందు చూసింది ఆ పిడినే. ఆగే చోటు దాటి వేలెడు ముందుకు పోయి ఉంది. రాగి తీగ రెండు ముక్కలై చెరో పక్కకు వంకీ తిరిగి ఉంది. బందీని అడిగించారు. వాడు మమ్మల్ని పిచ్చివాళ్ళను చూసినట్టు చూసి, "అది తెంచడానికే కదా" అన్నాడట. ప్రాణం మీదికి వస్తే తెంచాలి, ఐదు నిమిషాలు ఇంజన్‌కు ఎక్కడలేని బలం వస్తుంది, దిగాక తీగ తెగి ఉంటే మెకానిక్ ఇంజన్ విప్పి చూస్తాడు, తీగ ఉన్నది ఆ గుర్తు కోసమే. తెంచి ఎగరేస్తే మన కందిరీగ కన్నా సెకనుకు ఒకటిన్నర మీటరు ఎక్కువ ఎక్కింది. అట్ట మార్చారు. ఏడో వరుసలో బాణం అటు తిప్పారు. పాతవన్నీ వెనక్కి తీసుకుని షెడ్డు వెనక పీపాలో వేసి తగలబెట్టారు, పుల్ల గీసింది నేనే. అధికారి నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. విచారణ కాగితాన్ని తిరగదోడమని ఆయన అనలేదు, నేను అడగలేదు. యుద్ధం అయ్యాక చెప్దామనుకున్నాను. అయ్యింది. పిల్ల కాస్త పెద్దదయ్యాక అనుకున్నాను. చెల్లెలు ప్రతి పండక్కీ నాకు కొత్త బట్టలు పెట్టి, "మా అన్నయ్య చేతి పని ఎన్నడూ తప్పుపోలేదు, మా ఆయనకే వినే ఓపిక లేకపోయింది" అని వచ్చినవాళ్ళతో అనేది. నేను ఆ బట్టలు కట్టుకున్నాను.

"...తీగ" అంది దుబాసీ అమ్మాయి. నేను ఉలిక్కిపడ్డాను. ఎదుటాయన ఎడమ చెయ్యి కుడి చేతి వెనకే లేస్తోంది, ఎక్కుతోంది, దాన్ని అందుకుంది. "చివర్లో ఒక తీగ ఉండేదట. తెంచితే బలం వచ్చేదట. ఈయన నాలుగుసార్లు తెంచారట, ప్రతిసారీ వాళ్ళ మెకానిక్ అమ్మనా బూతులు తిట్టేవాడట, రాత్రంతా ఇంజన్ విప్పాలని." జనం ఘొల్లుమన్నారు. మన పొడుగాయన కూడా తొడ చరుచుకుని నవ్వాడు. గడియారం పదకొండూ ఇరవై. ఇప్పుడు, ఇప్పుడే, వంగి చెల్లెలి చెవిలో చెప్పాలి, వాక్యాలు ఎన్నిసార్లు కూర్చుకున్నానో, చెల్లాయ్ నేనొక పొరపాటు చేశాను, కాదు, చెల్లాయ్ నువ్వు శాంతంగా విను, కాదు. నా పక్క కుర్చీ కిర్రుమంది. చెల్లెలు లేచి నిలబడింది. మైకు ఇవ్వకముందే మాట్లాడేసింది. "మాది కందిరీగేనండీ. అంటే మా ఆయన నడిపింది. వెనకాల మీవాళ్ళది పడితే నేరుగా పైకి వెళ్ళాడు. తొందరపడ్డాడన్నారు. అది తొందరేనా అండీ? ఆయన్ని అడిగి చెప్పమ్మా."

దుబాసీ అమ్మాయి మెల్లిగా చెప్పింది. ఎవరూ నవ్వలేదు. ఎదుటాయన చెవి మిషను సరిచేసుకుని, మళ్ళీ చెప్పించుకున్నాడు. కుర్చీలోంచి లేచాడు, తెర దాకా నడిచి వెళ్ళి, ఏడో వరుసను వేలితో తడుముతూ ఒక్కొక్క మాటా చదివించుకున్నాడు. సిరా మాటలు కూడా చదివించుకున్నాడు. తరవాత చెల్లెలి వైపు తిరిగి చేతులు రెండూ కిందికి వేలాడేసి మాట్లాడాడు.

"మీ ఆయన తొందరపడలేదమ్మా, అంటున్నారు. ఈ అట్ట చదివినవాడు ఎవడైనా అలాగే ఎక్కుతాడు, నేనైనా ఎక్కేవాణ్ణి అంటున్నారు. ఇందులో తీగ సంగతి లేదు, అంటున్నారు. ఎందుకు లేదని అడుగుతున్నారు."

సభ లెక్చరరు వైపు చూసింది, లెక్చరరు పొడుగాయన వైపు చూశాడు, పొడుగాయన తన చాచిన కాలి వైపు చూసుకున్నాడు. జవాబు మూడో వరుసలో, ఎడమ నుంచి నాలుగో కుర్చీలో ఉంది. నోరు తెరిచాను. దేవుడు సాక్షి, తెరిచాను. ఈలోపు లెక్చరరు గొంతు సవరించుకుని, చాలా విలువైన విషయం తెలిసిందనీ, దీని మీద పరిశోధన జరగాలనీ, పక్క గదిలో టీ సిద్ధంగా ఉందనీ అన్నాడు. చప్పట్లు కొట్టారు. నా చేతులు కూడా, అలవాటు కొద్దీ, రెండుసార్లు కొట్టుకున్నాయి.

చెల్లెలు కూర్చోలేదు. జనం మా మోకాళ్ళు తోసుకుంటూ వెళ్ళిపోతుంటే అలాగే నిలబడి, నన్ను పైనుంచి చూస్తూ, మామూలు గొంతుతో అడిగింది. "అన్నయ్యా, ఆ తీగ సంగతి నీకు తెలుసా?"

యాభై ఏళ్ళు కూర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ రాలేదు. వచ్చింది ఇది. "చోటు లేకపోయింది చెల్లాయ్. పన్నెండు వరుసలే పడతాయి."

"తప్పని ఎప్పుడు తెలిసింది?"

"బావ పోయిన మూడు వారాలకి."

అది ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండునని నేను ఎదురుచూశాను. సంచీలోంచి ఫోను తీసింది, కళ్ళజోడు మార్చుకుంది, నెమ్మదిగా, తొందర లేకుండా ఒక్కొక్క అంకే నొక్కింది. కూతురికి. నాకు వినబడాలనో, నేను అక్కడ ఉన్నానన్న సంగతే మరిచో, అక్కడే నిలబడి మాట్లాడింది.

"అమ్మా, నేనే. అయిపోయింది. ఒక్క మాట విను. మీ నాన్న తొందరపడలేదే... అవును. తొందర మనిషి కాడు. నేను నీకు తప్పు చెప్పాను, ఇన్నేళ్ళూ..." అవతల మేనకోడలు కళ్ళు మూసుకుని ఆగినట్టుంది, ఆ ఆగడం నాకిక్కడ వినబడింది. తరవాత ఏదో అడిగింది. చెల్లెలు నా ముఖం మీంచి చూపు తీసి తెర వైపు చూసింది, అక్కడ అట్ట ఆర్పేశారు.

"మామయ్యా? కాదమ్మా," అంది. "ఆ ఎదుటాయన చెప్పాడు."